షాట్‌గన్ మైకుకి డెడ్ క్యాట్ ఏ సైజు కొనాలి? ఒకసారి తప్పు కొని చేతులు కాల్చుకున్నాను

కాకినాడ కెమెరా

అందరికీ నమస్కారమండి. మాది ఉప్పాడ పక్కన ఊరు. సముద్రం కోతకి ఇళ్లు పోయినవాళ్లతో మాట్లాడించి చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాను. కెమెరా నేనే, సౌండూ నేనే.

మైకు చవకరకం షాట్‌గన్ (ఎదురుగా ఉన్న మాటనే ఎక్కువగా పట్టే పొడుగు గొట్టం మైకు), పొడవు 27 సెంటీమీటర్లు. దాంతో వచ్చిన నల్ల ఫోమ్ ఇంట్లో బాగానే పనిచేస్తుంది గానీ బీచ్ రోడ్డెక్కితే ఉన్నా లేనట్టే. అందుకని ఆన్‌లైన్‌లో గాలి ఆపే బొచ్చు కవర్, అదే డెడ్ క్యాట్, ఒకటి తెప్పించాను. 'అన్ని షాట్‌గన్ మైకులకీ సరిపోతుంది' అని రాసి ఉంది. తీరా తొడిగితే సగం మైకు బయటే ఉండిపోయింది. తలకాయ కప్పింది కదా, చాల్లే అనుకుని తీసుకెళ్లాను.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నలభై నిమిషాలు మాట్లాడాడు. పాత ఇల్లు ఎక్కడుండేదో, గుడి ఎక్కడుండేదో చెయ్యి చాపి నీళ్లలోకి చూపిస్తూ చెప్పాడు. ఇంటికొచ్చి వింటే ఆయన మాటల కింద ఒకటే ధబధబ, లారీ మీద టార్పాలిన్ గాలికి కొట్టుకుంటున్నట్టు. ఆ రోజు హెడ్‌ఫోన్స్ ఇంట్లో మర్చిపోయాను. తిట్టేవాళ్లు తిట్టుకోవచ్చు.

ఇప్పుడు 18 సెంటీమీటర్లది ఒకటి, 25ది ఒకటి చూశాను. నా మైకు 27 కాబట్టి 25ది తీసుకోవాలాండి? పైగా రంధ్రం 19/22 అని ఒకచోట, 24/25 అని ఇంకోచోట రాశారు. అదేంటో అర్థం కాలేదు.

బూమ్ బాబాయ్

తిట్టనులే తమ్ముడూ. హెడ్‌ఫోన్స్ మర్చిపోనివాడు మా లైన్లో ఎవడూ లేడు.

ముందు ఆ 27ని మర్చిపో. కవర్ సైజుకీ మైకు మొత్తం పొడవుకీ సంబంధం లేదు. రోడ్ కంపెనీ షాట్‌గన్ మైకు ఎన్‌టీజీ2 పొడవు 28 సెంటీమీటర్లు, సెన్‌హైజర్ వాళ్ల 416 పొడవు 25. ఎన్‌టీజీ2 కడుపులో పెన్సిల్ సెల్లు పెట్టుకునే గది ఉంటుంది, 416లో ఉండదు. సెల్లుకి గాలి తగిలితే మనకేం నష్టం?

నువ్వు కొలవాల్సింది చీలికల్ని. మైకు పక్కల వరసగా సన్నటి చీలికలు ఉంటాయి చూడు. మైకు ముక్కు దగ్గర సున్నా పెట్టి, అన్నిటికన్నా వెనక ఉన్న చీలిక ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా కొలువు. కవర్ కనీసం అంతవరకు రావాలి.

ఎందుకో చెప్తా. చాలామంది మైకు ముక్కుతో వింటుంది అనుకుంటారు. షాట్‌గన్‌లో అసలు చెవి, అంటే డయాఫ్రం (శబ్దానికి అదిరే పల్చటి పొర) ఉన్న క్యాప్సూల్, ముక్కు దగ్గర ఉండదు. గొట్టం అడుగున, చీలికల వరస చివరి దగ్గర ఉంటుంది. ఎదురుగా వచ్చే మాట గొట్టంలోంచి తిన్నగా వెళ్లిపోతుంది. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక్కో చీలికలోంచి ఒక్కో క్షణంలో దూరి, లోపల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అదే షాట్‌గన్ కిటుకు. నీ సగం కవర్ ముందు చీలికల్ని కప్పి వెనకవి వదిలేసింది. అంటే క్యాప్సూల్‌కి బాగా దగ్గరగా ఉన్న తలుపులే బార్లా తెరిచి పెట్టావన్నమాట. గాలి నేరుగా చెవిలోకే ఊదింది.

నమ్మకం లేకపోతే ఇంట్లో పెడెస్టల్ ఫ్యాన్ ముందు చూడు. ఆ పొట్టి కవరే ఉంచి, బయట ఉన్న చీలికల చుట్టూ ఒక మందపాటి ఉన్ని మఫ్లర్ వదులుగా చుట్టు. ధబధబ ఎంత తగ్గుతుందో నీకే తెలుస్తుంది. చీలికల మీద మాత్రం ఎప్పుడూ టేపు వెయ్యొద్దు, చేత్తో మూసి పట్టుకోవద్దు. గాలితోపాటు షాట్‌గన్ గుణమూ పోతుంది, మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇక రంధ్రం సంగతి. 19/22 అంటే 19 నుంచి 22 మిల్లీమీటర్ల మందం ఉన్న మైకులకి. 416, ఎన్‌టీజీ3 మందం 19, ఎన్‌టీజీ2ది 22. నీ మైకు ఎంతో కొలిచి ఇక్కడ పెట్టు. రంధ్రం వదులైతే వెనకనుంచి గాలి దూరుతుంది, బూమ్ (మైకు తగిలించే పొడుగు కర్ర) కిందికి వంచినప్పుడు కవర్ జారి మాట్లాడే మనిషి ఒళ్లో పడుతుంది. నాకు ఒకసారి పడింది, పెళ్లికొడుకు ఒళ్లో.

లంక గాలి

బాబాయ్ చెప్పిందంతా కరెక్టే. ఒక ముక్క కలుపుతాను. పొడుగు కవర్ కొంటే సౌండ్ పాడవదు. చీలికలు దాటి ఇంకో నాలుగు సెంటీమీటర్లు కప్పినా ఏమీ కాదు. ఇబ్బంది అంతా షాక్ మౌంట్‌తోనే, అంటే కుదుపులు మైకుకి తగలకుండా దాన్ని క్లిప్పులతో పట్టుకునే దాంతో. నేను 'పెద్దది ఎప్పుడైనా మంచిదే' అని 25ది కొన్నాను. తొడిగాక మౌంట్ క్లిప్పులు పట్టుకోవడానికి జాగా లేదు. ఒక క్లిప్పు కవర్ రబ్బరు మీద, ఇంకోటి కేబుల్ పిన్ను మీద! నడుస్తుంటే ప్రతి అడుగూ రికార్డయింది. లో కట్ స్విచ్ (బాగా లోగొంతు శబ్దాల్ని తగ్గించేది) కూడా కవర్ కిందికి పోయింది, మార్చాలంటే మొత్తం ఊడదీయాలి. కాబట్టి కవర్ పోగా వెనక ఎంత ఒళ్లు మిగులుతుందో కూడా లెక్క వేసుకోండి.

పాత ఫోమ్

ఇంత లెక్కలెందుకు, మైకు మొత్తం లోపల పట్టే పెద్ద గాలి కవచం, అదే బ్లింప్, కొనేస్తే పోలా?

బూమ్ బాబాయ్

పోతుంది, డబ్బు కూడా పోతుంది. బ్లింప్ మంచిదే, కాదనను. మైకు చుట్టూ ఎంత ఎక్కువ నిశ్చలమైన గాలి ఉంటే అంత బాగా ఆపుతుంది, అందుకే అది పనసకాయంత ఉంటుంది. కానీ ఆ కుర్రాడు ఒక్కడే కెమెరా, బూమ్ రెండూ మోస్తున్నాడు. వలలు బాగుచేసుకునే ముసలాయన ముందు అంత బొచ్చు పిల్లిని ఊపితే ఆయన దానికేసి చూస్తాడు గానీ మాట్లాడడు. తుపాను కబురు ఉన్న రోజు కావాలంటే బ్లింప్ అద్దెకి తెచ్చుకోవచ్చు.

కాకినాడ కెమెరా

కొలిచానండి. ముక్కు నుంచి చివరి చీలిక దాకా 16.4 సెంటీమీటర్లు. మందం కొలిచే పరికరం లేక మా అమ్మ టైలర్ టేపు చుట్టూ తిప్పాను. 6.6 వచ్చింది. చిన్నప్పటి 22/7 గుర్తు తెచ్చుకుని భాగిస్తే 2.1, అంటే 21 మిల్లీమీటర్లు. పాత పొట్టి కవర్‌లో మైకు 11 సెంటీమీటర్లే వెళ్తోంది. అంటే అయిదు సెంటీమీటర్లకి పైగా చీలికలు సముద్రానికి అప్పజెప్పానన్నమాట. ఫ్యాన్ ముందు మఫ్లర్ కూడా చుట్టి చూశాను. మీరు చెప్పినట్టే ధబధబ బాగా తగ్గింది.

అయితే 18, రంధ్రం 19/22. అంతేనాండి? వెనక 9 సెంటీమీటర్లు మిగులుతుంది. నా మౌంట్ క్లిప్పుల మధ్య దూరం 5. స్విచ్ కూడా బయటే ఉంటుంది.

ఇంకో ప్రశ్న. పాత రికార్డింగ్ బాగుచేసుకోవచ్చా?

బూమ్ బాబాయ్

అంతే. అదే కొను. కొనేముందు ఆ 18 కవర్ బయటి పొడవా, లోపల మైకు దూరే లోతా అని అమ్మేవాణ్ణి అడుగు. రైకోట్ లాంటి కంపెనీలు లోతే రాస్తాయి. ఊరూపేరూ లేనివాటిలో బొచ్చు చివరిదాకా కొలిచి రాసేవాళ్లూ ఉన్నారు.

పాతది వేవ్‌ఫామ్ (ఎడిటింగ్‌లో శబ్దం గీతల్లా కనిపించే బొమ్మ) తెరిచి చూడు. పైనా కిందా తల నరికేసినట్టు చదునుగా ఉన్న చోట్లు పోయినట్టే, అక్కడ ఏ ఫిల్టరూ పనిచెయ్యదు. మిగతా చోట్ల 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ మొదలుపెట్టి మెల్లగా 120 దాకా వెళ్లు. మగవాడి గొంతు పల్చబడుతోంది అనిపించగానే ఆగు. ఈసారి మైకు మీది లో కట్ ముందే వేసుకుని వెళ్లు. గాలి శబ్దంలో ఎక్కువ భాగం ఆ అడుగునే ఉంటుంది, రికార్డర్‌లోకి దూరకముందే కొంత తగ్గుతుంది.

మీ వైపు ఉప్పుగాలి కాబట్టి ఇంకోమాట. కవర్ తడిస్తే బొచ్చు అట్టకట్టి పనిచెయ్యదు. ఇంటికి రాగానే విప్పి నీడలో ఆరబెట్టి, కుక్కపిల్లల బ్రష్షుతో దువ్వు. మైకుని సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టు.

పాత ఫోమ్

ఫోమ్ సంగతి కూడా చెప్పు బాబాయ్. నాది అటక మీద రెండు వేసవులు ఉంది. మొన్న తీస్తే పాత మైసూర్‌పాక్‌లా చేతిలో పొడైపోయింది. ఆ పొడి చీలికల్లోకి పోయింది.

బూమ్ బాబాయ్

అందుకే నువ్వు ఆ పేరు పెట్టుకున్నావు. మైకుని తలకిందులుగా పట్టుకుని మెత్తటి పొడి బ్రష్షుతో దులుపు. ఊదకు, నోటి తడి లోపలికి పోతుంది.

కాకినాడ కెమెరా

కవర్ వచ్చిందండి. మైకు మీద చక్కగా బిగుతుగా కూర్చుంది. నిన్న సాయంత్రం గాలి మంచి జోరు మీదున్నప్పుడు బీచ్ రోడ్డు మీద నిలబడి చూశాను, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. కెరటాల చప్పుడు కెరటాల చప్పుడులాగే వినిపించింది. ధబధబ లేదు, బాగా విసిరినప్పుడు మాత్రం అడుగున కొంచెం గుయ్‌మంటోంది.

పాతదాంట్లో పన్నెండు నిమిషాలు దక్కాయి. గుడి గురించి చెప్పిన ముక్క మాత్రం పూర్తిగా పోయింది. పెద్దాయన దగ్గరికి వెళ్లి సిగ్గుపడుతూనే మళ్లీ చెప్పమని అడిగాను. 'మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేస్తదని తెలవదా, పొద్దున్నే రా, చేపల వేలం అయిపోయాక' అన్నాడు. ఎల్లుండి వెళ్తున్నాను.