కొత్త వంటింట్లో హాబ్ బిగించాలా, విడి స్టవ్ చాలా?

మియాపూర్_ఫ్లాట్:
నమస్తే అండీ. మా ఫ్లాటు 2006లో కట్టింది. వంటిల్లు మొత్తం ఊడదీసి కొత్తగా చేయిస్తున్నాం. పాత కడప బండ పోయి నల్ల గ్రానైటు వస్తుంది, కింద కబోర్డులు. ఇంటీరియర్ వాళ్ళు నాలుగు బర్నర్ల హాబ్ (బండ కోసి అందులో బిగించే గ్యాస్ పొయ్యి), 90 సెంటీమీటర్ల చిమ్నీ, గోడలో కూర్చునే ఓవెన్, డిష్‌వాషర్ అన్నీ ఒకే కంపెనీవి ప్యాకేజీగా రాసిచ్చారు. మావారికి హాబే కావాలి. మా అత్తగారేమో "పొయ్యి అన్నాక ఎత్తి కడుక్కునేలా ఉండాలమ్మా, బండకి బిగించేస్తే ఎలా" అంటున్నారు. గ్రానైటు కోసేవాళ్ళు గురువారం వస్తారు, ఆలోపు తేల్చుకోవాలి.

మాది రెండు పూటలా వండే ఇల్లు. పండక్కి ఆడపడుచులు వస్తే పది లీటర్ల కుక్కర్ ఎక్కుతుంది. ఇప్పటికి సిలిండరే, పైపు గ్యాస్ లైను మాత్రం మా వీధి దాకా వచ్చింది. అందం, ధర తర్వాతి మాట. పదేళ్ళు ఇబ్బంది పెట్టకుండా నడిచేది ఏదో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

విశాఖ_ఇంటీరియర్:
నేను వంటిళ్ళు చేసిస్తాను, హాబ్‌లు అమ్మను. ఇందులో నాకు కమీషను ఏమీ లేదు. అయినా హాబే పెట్టించుకోమంటాను.

మొదటి కారణం ఎత్తు. మన ఇళ్ళలో వంట గట్టు 32 నుంచి 34 అంగుళాల ఎత్తులో వేస్తారు. దాని మీద స్టవ్ పెడితే ఇంకో నాలుగైదు అంగుళాలు. ఆ పైన మూకుడో, చారు గిన్నో. ఐదడుగుల మనిషి అందులో గరిటె తిప్పాలంటే మోచెయ్యి భుజం దాకా లేవాలి. పిండివంటలు చేశాక భుజాలు లాగేస్తున్నాయని ఎవరైనా అంటే నేను ముందు కొలిచేది ఈ ఎత్తే. హాబ్ అయితే బర్నరు దాదాపు గట్టు మట్టంలోనే ఉంటుంది.

రెండోది ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్. ఇది ఉన్న మోడల్ అయితే పప్పు పొంగి మంట ఆరిపోయినా గ్యాసు దానంతట అదే ఆగిపోతుంది. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు వంట చేస్తున్నప్పుడు ఇంతకన్నా ధైర్యం ఇచ్చేది ఇంకోటి లేదు. విడి స్టవ్‌లలో ఇది అరుదుగా వస్తుంది.

వరంగల్_సర్వీస్:
ఎత్తు సంగతి నిజమే అన్నా. కానీ నా మాట గూడ వినండ్రి. నేను పొయ్యిలు, హాబ్‌లు, చిమ్నీలు బాగుచేసే పనిల ఉన్న. "ఏ కంపెనీది ఎక్కువ దినాలు నడుస్తది" అని అందరు అడుగుతరు. గ్రానైట్‌ల కోసే బొక్క కొలత ఎంత అని ఎవ్వరు అడగరు. అసలు సంగతి ఆడనే ఉన్నది.

ఒక్కో కంపెనీ కొలత ఒక్కో తీరు. ఒకే కంపెనీల గూడ మోడల్‌కు మోడల్‌కు తేడా వస్తది. ఏడెనిమిదేండ్లకు హాబ్ పాడైందనుకో, అప్పటికి ఆ మోడల్ బంద్ అయి ఉంటది. కొత్తది తెస్తే పాత బొక్కల కూసోదు. బొక్క చిన్నగుంటే కోసి పెద్దగ జేయొచ్చు, అది గూడ కబోర్డ్‌లన్ని ఖాళీ జేసి, ఇల్లంత దుమ్ము జేసుకొని. బొక్కనే పెద్దగుంటే ఏం జేస్తం? బండ మార్చుడే. గ్రానైట్ మీ పిల్లల పెండ్లిళ్ళ దాక ఉంటది, హాబ్ ఉండది.

ఇగ ఆ డివైస్ సంగతి. బర్నర్ పక్కన మేకు లెక్క చిన్న కడ్డీ ఉంటది, థర్మోకపుల్ అంటరు. మంట తగిలి అది వేడి మీద ఉంటేనే లోపల వాల్వ్ తెరుసుకొని ఉంటది. మన వంటల పాలు పొంగుతయి, పులుసు చిందుతది. అదంత కడ్డీ మీద పడి మాడి నల్లగ పొర కడతది. అప్పుడు నాబ్ ఒత్తి పట్టుకున్నంత సేపు మంట ఉంటది, ఇడిస్తే ఆరిపోతది. సన్న గరుకు కాయితంతోని మెల్లగ రుద్దితే చాన సార్లు మంచిగైతది. కడ్డీనే పోతే మాత్రం ఆ మోడల్ కడ్డీనే కావాలె. అది దొరకనప్పుడు కొందరు డివైస్‌నే తప్పించి పొయ్యి నడిపిచ్చి పోతరు. ఇంట్లోల్లకు ఆ సంగతి చెప్పరు గూడ. ఎవ్వరన్న అట్ల చేస్తమంటే అస్సలు ఒప్పుకోకుండ్రి.

విడి స్టవ్‌కు వాల్వు, జెట్టు (గ్యాస్ చిమ్మే సన్న బొక్క ఉన్న ముక్క), బర్నరు ఏ ఊరి గ్యాస్ పొయ్యిల దుకాణంల అయినా దొరుకుతయి. పొద్దున తీస్కపోయి ఇస్తే మాపటికి తెచ్చుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండ్రి.

విశాఖ_ఇంటీరియర్:
తమ్ముడూ, కొలతల గొడవ నాకూ తెలుసు. దానికి విరుగుడు ఉంది. పైన గాజు పెద్దదిగా, కింద కోత చిన్నదిగా ఉండే మోడల్ తీసుకోవాలి. రేపు మార్చాల్సి వస్తే కోత పెంచుకోవచ్చు, తగ్గించే అవసరం రాదు. షోరూంలో గాజు మెరుపు చూసి వచ్చేయకుండా కోత డ్రాయింగు అడిగి తెచ్చుకోండి. హాబ్ ఇంటికి రాకముందే గ్రానైటు కోయించొద్దు. ఈ రెండూ పాటిస్తే మీరు చెప్పిన భయం చాలావరకు పోతుంది.

కడ్డీ మీద మాడుతుందని ప్రాణాలు కాపాడే వస్తువునే వద్దనుకోవడం నాకు నచ్చలేదు. వారానికోసారి తుడిస్తే మాడదు.

డాలస్_కాఫీ:
అక్కా, వాళ్ళిద్దరి వాదన చదివాక నాకు అనిపించింది చెప్తాను. అమెరికాలో మామూలు ఇళ్ళలో పొయ్యి, ఓవెన్ కలిసిన రేంజ్ వెడల్పు 30 అంగుళాలు, డిష్‌వాషర్ 24 అంగుళాలు. ఏ కంపెనీది తెచ్చినా దాదాపు అదే సందులో కూర్చుంటుంది. పాతది లాగేసి కొత్తది తోసేస్తారు, గట్టు జోలికి ఎవరూ పోరు. కాబట్టి బిగించడమే తప్పు అనలేం. కొలత అందరికీ ఒకటైతే బిగించినా ఫరవాలేదు. మన దగ్గర హాబ్‌లకి ఆ ఏర్పాటు లేదు, అందుకే వరంగల్ అన్న మాటకే నా ఓటు.

చిమ్నీ గురించి ఒక్క మాట. ఇక్కడ చాలా అపార్టుమెంట్లలో పొయ్యి పైన మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాను ఉంటాయి. అది పొగని బయటికి పంపదు, జల్లెడలోంచి లాగి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. ఇంగువ తాలింపు పెట్టిన రోజు పడగ్గది అలమారాలో బట్టలు కూడా వాసనే. మీ చిమ్నీ గొట్టం బయటికే పోయేలా పట్టుబట్టండి.

బెజవాడ_పిన్ని:
అమ్మాయ్, అందరూ హాబ్ దగ్గరే ఆగిపోయారు. గురువారం బండ కోసేలోపు నువ్వు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, డిష్‌వాషర్. విడిగా దొరికే పెద్ద డిష్‌వాషర్ ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు, అంటే 33న్నర అంగుళాలు. గట్టు పైమట్టం 34 అంగుళాలు వేస్తే, గ్రానైటు మందం ముప్పావు అంగుళం తీసేస్తే అది కింద పట్టదు. తర్వాత కొందాంలే అనుకునేవాళ్ళు కూడా ఆ చోటు ఇప్పుడే వదలాలి. నీళ్ళ కనెక్షను, మురుగు గొట్టం, 16 ఆంపియర్ల సాకెట్టు గోడ పగలగొట్టినప్పుడే వేయించు. మీకు వచ్చేది బోరు నీళ్ళయితే డిష్‌వాషర్‌లో పోసే ఉప్పు మానకూడదు. మానితే గాజు గ్లాసుల మీద తెల్లటి పొర, లోపల హీటరు మీద సున్నం.

చిమ్నీకి డబ్బాల మీద రాసే పీల్చే శక్తి అంకె చూసి మురిసిపోవద్దు. గొట్టం ఆరంగుళాలది ఉండాలి, వంపులు వీలైనంత తక్కువ ఉండాలి. రెండు మూడు వంపులు తిరిగి వాష్ ఏరియాలోకి పోయే గొట్టంతో ఎంత పెద్ద మోటారూ నిలవదు. ఆటో క్లీన్ అంటే లోపల వేడి చేసి జిడ్డుని కరిగించి చిన్న గిన్నెలోకి దించుతుంది, అంతవరకే. ఆ గిన్నె తీసి కడగాల్సింది మనమే. మన వేపుళ్ళకి నేనైతే చేత్తో ఊడదీసి వేడినీళ్ళలో నానబెట్టుకునే స్టీలు బాఫిల్ ఫిల్టరు (జిడ్డుని ఆపే రేకుల జల్లెడ) ఉన్నదే కొంటాను.

గోడ ఓవెన్ నాకు నచ్చలేదు. కేకులు ఎప్పుడో గానీ చేయని ఇంటికి గట్టు మీద పెట్టుకునే ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, చాలు. మన ఇంట్లో రోజూ అరిగేవి పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్. డబ్బు వాటి మీద పెట్టు. మిక్సీ 750 వాట్లది తీసుకో. దాని కప్లరు అరిగితే, కార్బన్ బ్రష్షులు పోతే వీధి చివర కొట్లో వేసిస్తారు. ఇడ్లీ, దోసె పిండికి మాత్రం మిక్సీని చంపకుండా రాళ్ళ గ్రైండరు పెట్టుకో.

కరెంటు_వంట:
ఇండక్షన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. బిగించే ఇండక్షన్ వద్దు, దానికీ కోత గొడవే. గట్టు మీద పెట్టుకునేది ఒకటి ఉంటే సిలిండరు అయిపోయిన రోజు ఆదుకుంటుంది. 2000 వాట్ల దాకా లాగుతుంది, కాబట్టి మిక్సీ సాకెట్టుకి తగిలించకుండా 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో దానికి వేరే లైను లాగించండి. 2006 నాటి వైరింగు అంటున్నారు, అది ఎలాగూ మార్చాలి.

మియాపూర్_ఫ్లాట్:
అందరికీ చాలా థాంక్స్. పిన్నిగారూ, డిష్‌వాషర్ ఎత్తు మాకు ఎవరూ చెప్పలేదు, మా డ్రాయింగులో గట్టు 33 అంగుళాలే ఉంది. వరంగల్ అన్నా, రెండు సంగతులు అడగాలి. రేపు పైపు గ్యాస్ వస్తే ఏది కొంటే నయం? ప్యాకేజీగా ఒకే కంపెనీవి తీసుకుంటే సర్వీసు తేలికవుతుందా?

వరంగల్_సర్వీస్:
పైపు గ్యాస్ ప్రెషర్ తక్కువ. సిలిండర్ పొయ్యి 30 మిల్లీబార్ల మీద నడుస్తది, పైపు గ్యాస్ 21 మీద. అందుకని జెట్టు బొక్క పెద్దది కావాలె. జెట్లు మార్చకుంట తగిలిస్తే మంట పిరికిగ వస్తది, వంట కాదు. విడి స్టవ్‌కైతే కనెక్షన్ ఇచ్చెటోల్లే జెట్లు మారుస్తరు. హాబ్ కొనేటట్టయితే పైపు గ్యాస్ జెట్లు ఇస్తరా అని కొనే దినమే అడుగుండ్రి, బిల్లు మీద రాయించుకోండ్రి.

సిలిండర్ ఉన్నన్ని దినాలు దాన్ని తలుపులేసిన కబోర్డ్‌ల పెట్టకుండ్రి. తప్పదంటే తలుపుకు కింద భాగంల గాలి పోయే సందులు ఇడువుండ్రి, గ్యాస్ కిందికే దిగుతది గద. నారింజ రంగు సురక్ష పైపు వాడుండ్రి, ఐదేండ్లకోసారి మార్చుండ్రి. హాబ్ కింద పైపు కబోర్డ్ వెనక నుంచి పోతది, ఎలుక కొరికినా కనపడది. అది గూడ మనసుల పెట్టుకోండ్రి.

ప్యాకేజీతోని సర్వీస్ తేలికైతదని లేదు. చాన కంపెనీలల్ల చిమ్నీకొక మనిషి, డిష్‌వాషర్‌కొక మనిషి వస్తడు. మీ ఏరియాల ఆ వస్తువుకు మనిషున్నడా, ఫోన్ చేస్తే ఎన్ని దినాలకు వస్తడు, మీ బిల్డింగ్‌ల వాడేటోల్లను అడుగుండ్రి. వస్తువు వస్తువుకు బిల్లు విడిగ, సీరియల్ నంబర్‌తోని, మీ పేరు మీద తీసుకోండ్రి. ఇంటీరియర్ వాళ్ళ పేరు మీద బిల్లుంటే వారంటీ కాడ తిప్పలైతది. వారంటీ ఉండి గూడ బాగుచేయకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

బెజవాడ_పిన్ని:
ఎత్తుకి, కోతకి రెండింటికీ ఒకటే దారి కనిపిస్తోంది. గట్టు మొత్తం 35 అంగుళాలు వేయించు, డిష్‌వాషర్ కింద పడుతుంది. పొయ్యి పెట్టే చోట మాత్రం మూడడుగుల వెడల్పున గ్రానైటుని నాలుగంగుళాలు దించి మెట్టులా వేయించు. విడి స్టవ్ అందులో కూర్చుంటే బర్నరు గట్టు మట్టానికే వస్తుంది. కోత ఉండదు, పదేళ్ళ తర్వాత ఏ కంపెనీ స్టవ్ తెచ్చినా పడుతుంది. మా వీధిలో ఒకళ్ళింట్లో ఇలాగే ఉంది, ఆవిడ పొట్టి మనిషి, హాయిగా గారెలు వేస్తుంది.

విశాఖ_ఇంటీరియర్:
మెట్టు నేనూ చేసిచ్చాను. మంచిదే, కానీ మూలల్లో జిడ్డు చేరుతుంది, రోజూ స్టవ్ జరిపి తుడిచే ఓపిక ఉండాలి. ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ మీద నా మాట మారదు. విడి స్టవ్‌లలో కూడా అది ఉన్న మోడల్ వెతకండి, కాస్త ఎక్కువైనా పెట్టండి.

మియాపూర్_ఫ్లాట్:
మా అత్తగారికి, మావారికి ఇద్దరికీ మెట్టు నచ్చింది. గోడ ఓవెన్ తీసేశాం, డిష్‌వాషర్ విడిగా కొంటాం. గ్రానైటు అతనికి కొత్త కొలతలు ఇచ్చాను. మెట్టు వేసేటప్పుడు ఇంకేమైనా చూసుకోవాలా?

విశాఖ_ఇంటీరియర్:
చూసుకోవాలమ్మా. మెట్టు అంచులు గుండ్రంగా తీయించండి, లేకపోతే కుక్కరు దించేటప్పుడు తగిలి పెచ్చు లేస్తుంది. పది లీటర్ల కుక్కరు చెవులు పక్క గట్టుకి తగలకుండా స్టవ్‌కి రెండు వైపులా నాలుగేసి అంగుళాలు ఖాళీ ఉండాలి, కాబట్టి స్టవ్ వెడల్పు ముందే చూసుకుని మెట్టు వెడల్పు ఖాయం చేయండి. దించిన చోట కింద సిలిండరు రెగ్యులేటరుతో సహా పడుతుందో లేదో టేపుతో కొలవండి. చిమ్నీ బిగించేటప్పుడు 65 నుంచి 75 సెంటీమీటర్ల దూరం గట్టు నుంచి కాదు, గిన్నె పెట్టే బర్నరు మీద నుంచి కొలవమనండి.