పంపకాల దావాలన్నీ లోక్ అదాలత్‌కే పంపాలా?

నాగర్‌కర్నూల్ రైతుబిడ్డ:
అన్నదమ్ముల భూమి పంపకాల దావాలు ఏండ్లకేండ్లు నానుతున్నయి. అన్నిటినీ తప్పనిసరిగా లోక్ అదాలత్‌ల తేల్చేటట్టు చట్టం మార్చాలె. కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తది, అక్కడి తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు.

దేవరకొండ వకీలు:
ఆ అప్పీలు లేకపోవుడే నా భయం. అక్కడ రాజీ కుదిరితేనే అవార్డు, లేకుంటే ఫైలు మళ్లీ కోర్టుకే. తప్పనిసరి చేస్తే ఒత్తిడి ఆడబిడ్డల మీద పడ్తది. హిందూ వారసత్వ చట్టంల కూతుళ్లకు వాటా ఇచ్చిన 1986 రాష్ట్ర సవరణ, 1985 సెప్టెంబర్ 5కు ముందే పెండ్లయిన కూతుళ్లను వదిలేసింది. 2005 కేంద్ర సవరణతో వాళ్లకూ హక్కొచ్చింది. అయినా "పసుపు కుంకుమ కింద ఇచ్చినం గదా అక్కా, సంతకం పెట్టు" అన్న మాట పోలేదు.

అసలు ఆలస్యం ఎక్కడో చూడుండ్రి. ముసలి ప్రతివాది చనిపోతే 90 రోజుల్లో వారసులను చేర్చాలె. దాటితే ఆయన మట్టుకు దావా రద్దయితది. రద్దు ఎత్తేయమని ఇంకో 60 రోజుల్లో అడగాలె. అదీ దాటితే ఆలస్యం మన్నించమని మూడో పిటిషన్. మూడింటికీ నోటీసులు, కౌంటర్లు, వాయిదాలు. చనిపోయిన సంగతి ఆయన వకీలే కోర్టుకు చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 22వ ఆర్డర్ 10ఏ రూల్ ఉంది. దాన్ని గట్టిగ అమలు చేయుండ్రి ముందు.

మిర్యాలగూడ సర్వే గొలుసు:
తీర్పొచ్చినంక కూడా తిప్పలే. ప్రాథమిక డిక్రీ నాలుగో వంతు అంటది, ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకో చెప్పదు. దానికి తుది డిక్రీ, పొలం చూసి పంచేతందుకు కోర్టు పంపే కమిషనర్, సర్వేయర్. విడిగా పిటిషన్ కోసం ఆగకుండా కోర్టే ముందుకు పోవాలని 2022ల సుప్రీంకోర్టు చెప్పింది. కమిషనర్ పొలానికి పోయిన్నాడు టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), సేత్వార్ (పాత సర్వే రిజిస్టర్) నకళ్లు చేతుల లేకుంటే కొలత ఉత్తదే. బోరు, బండ్ల బాట ఎవరి వంతుకో నివేదికల రాయకుంటే అభ్యంతరాలు పడి మళ్లీ మొదటికొస్తది. నీళ్లు లేని ముక్క ఎవరు తీసుకుంటరు?

నాగర్‌కర్నూల్ రైతుబిడ్డ:
తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంట. కానీ 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద ఆడోళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలున్నడు గదా. ఆడబిడ్డ పక్కన ఆ వకీలు కూసుంటేనే రాజీ రాయాలంటే?

దేవరకొండ వకీలు:
అట్లయితే నాకు సమ్మతమే. ఇంకొక్కటి కలపాలె: రాజీ పత్రంల సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు హద్దులు, సర్వేయర్ గీసిన నక్షా. "చెరి సగం" అని రాసి పంపితే తహసీల్దారు ఆఫీసుల పేరు మారదు, మళ్లీ అమలు పిటిషనే దిక్కు.