రంజాన్‌కి ముందు షుగర్ సర్వే: గల్ఫ్‌లో చేసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే. నేను రియాద్‌లో ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో నర్సుని, మాది కడప జిల్లా. మా ఫ్యామిలీ మెడిసిన్ డాక్టరమ్మ షుగర్ ఉన్నోళ్లు ఉపవాసం గురించి ఏమనుకుంటున్నారో స్టడీ చేస్తున్నారు, ప్రశ్నలు అడిగి ఫారం నింపే పని నాది.

చిక్కేంటంటే, షుగర్ ఎలా ఉంది అమ్మా అంటే అందరిదీ ఒకటే జవాబు, అల్హమ్దులిల్లాహ్, అంటే దేవుడికి స్తోత్రం అని. మరి నేను బాగుంది అని టిక్ పెట్టాలా, బాలేదనా? మీటర్ చూస్తే 290. పెద్దావిడల పక్కన కొడుకు కూర్చుని అన్నీ తనే చెప్పేస్తాడు, మందులు టైంకి వేసుకుంటుందని, ఆవిడేమో నాకేసి చూసి నవ్వుతుంది.

ఇంకోటి, వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే ఉపవాసం పోతుందని చాలామంది భయం. పోదని మతపెద్దలే చెప్పారు, 70 కంటే తగ్గినా 300 దాటినా వెంటనే విడవాలని గైడ్‌లైన్స్‌లో ఉంది, కానీ నాలాంటి పరాయిది చెప్తే వింటారా. మసీదు ఇమామ్‌తో చెప్పిస్తే బెటరేమో అనిపిస్తోంది.

కువైట్, ఖతార్, సౌదీలో ఇలాంటి సర్వేలు చేసినవాళ్లుంటే చెప్పండి, ఆవిడతో ఒంటరిగా మాట్లాడాలంటే కొడుకు నొచ్చుకోకుండా ఎలా అడగాలి? చదువురానోళ్లకి పుస్తక అరబిక్‌లో ఉన్న ప్రశ్నలు వాళ్ల యాసలోకి మార్చి అడిగితే స్టడీ చెడిపోతుందా, స్టడీకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మళ్లీ పెట్టాలా? రంజాన్‌కి ఆరు వారాలే ఉంది.