అప్‌డేట్: వంటింట్లో ఉడతల గొడవ ఓ కొలిక్కి వచ్చింది

సీతమ్మధారలో మా ఇంటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నంలోంచి ఉడతలు దూరుతున్నాయి, ఏం చెయ్యాలి అని అడిగాను కదా. చాలామంది వెంటనే జాలీ కొట్టించెయ్యమన్నారు, ఒకరు మాత్రం ముందు అటక చూడండి పిల్లలుంటాయేమో అన్నారు, ఆయనకి దండం పెట్టాలి. స్టీలు డబ్బాల వెనకాల కొబ్బరి పీచు, మా మాప్ దారాలు, దిండులో దూది కలిపి గూడు, అందులో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు, ఒంటి మీద బొచ్చు కూడా లేదు. అప్పుడే మూసేసుంటే తల్లి బయట, పిల్లలు లోపల, తర్వాత ఆ కంపు ఎవరు భరిస్తారు చెప్పండి. పది వారాల దాకా తల్లి పాలు తాగుతాయంట, సరే కానియ్ అని వదిలేసి ఫ్రిజ్ వైరుకి మాత్రం పైపు తొడిగించాం, ఎందుకంటే వీటి ముందు పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, ఏదోటి కొరకాల్సిందే.

అన్నీ వెళ్ళిపోయాక గూడు తీసేసి జాలీ బిగించాం. ప్లాస్టిక్ దోమల మెష్ దండగ, కొరికేస్తాయి. మామూలు ఇనప జాలీ మన వైజాగ్ ఉప్పుగాలికి తుప్పు పట్టిపోద్ది, స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. ఇప్పుడు పెరట్లో జామచెట్టు మీద పడ్డాయి, మా అత్తగారు ఒకటే తిట్లు.