"చెల్లు" గురించి: వీడ్కోలు ప్రసంగం రాస్తుండగా తట్టిన మాట

వచ్చే నెలతో మా న్యాయశాస్త్ర పట్టా చదువు పూర్తవుతుంది. వీడ్కోలు సభలో గురువులకు కృతజ్ఞతలు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. "మీ ఋణం తీర్చుకోలేనిది" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఋణాల గురించి ఇన్నాళ్లు చదివినవాళ్లు ఆ మాట ఊరికే అనకూడదనిపించింది. అలా "చెల్లు" దగ్గరికి వచ్చాను.

ఈ ధాతువు ఎంత దూరం పోయిందో చూడండి. నాణెం చెల్లుతుంది, మాట చెల్లుతుంది, కాలం చెల్లిపోతుంది. అంతటి సాహసం ఆయనకే చెల్లింది అంటాం. మా తిరుపతివాళ్లకైతే ముందు గుర్తొచ్చేది మొక్కు చెల్లించుకోవడమే. ఇద్దరి మధ్య బాకీ లేకపోతే చెల్లుకు చెల్లు. అక్కడితో వ్యవహారం ముగుస్తుంది. ప్రామిసరీ నోటు వెనుక రాసే "చెల్లు" మాత్రం ముగించదు, కొనసాగిస్తుంది.

మా మేడమ్ ఒకసారి పేర్లమీద కాగితం అతికించిన పాత నోటును తరగతికి తెచ్చారు. ముందువైపు రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, "కోరిన తక్షణం చెల్లించగలవాడను" అన్న వాక్యం. అదంతా వదిలి వెనక్కి తిప్పమన్నారు. అక్కడ వేరే సిరాతో, వణికిన చేతిరాతలో, కొద్దిపాటి మొత్తం చెల్లు, తేదీ, సంతకం. "దావాను బతికించింది ఈ రెండు వరుసలే" అన్నారు. కోరినప్పుడు చెల్లించవలసిన నోటు మీద దావాకు, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, నోటు తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. ఆలోగా బాకీదారు కొంత కట్టి, ఆ సంగతి తన చేతితో రాసినా, రాసినదాని కింద సంతకం చేసినా, 19వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. అప్పు తగ్గుతుంది, దాని ఆయుష్షు పెరుగుతుంది.

నా కృతజ్ఞత ఇలాంటిది కావాలి. ఇంగ్లీషు తీర్పులు కొరుకుడుపడని తెలుగు మాధ్యమం పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టి ఒక్కో పేరా చదివించినది ఈ మేడమే. కోర్టులో శిక్షణకు వెళ్లినప్పుడు కేసు కట్ట విప్పడం, కాగితాల వరుస చెడకుండా తిరిగి కట్టడం నేర్పింది వకీలు గారి గుమాస్తా. ఆయనను సభకు ఎవరూ పిలవరు, అందుకే ఆయన పేరే ముందు చదువుతాను. రేపు పల్లె నుంచి వచ్చిన కక్షిదారుకు తన ఆర్జీలో ఏముందో తెలుగులో చదివి వినిపించిన ప్రతిసారీ వీళ్ల నోటు వెనుక నేను ఒక చెల్లు రాసినట్టే.

తీరని అప్పు మా ఊరికి కొత్త కాదు. పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకు స్వామి ఇంకా వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాం, వడ్డీకాసులవాడని పిలుచుకుంటాం. ఆ కాసులు కొలిచి కొలిచి అలసిన గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడని కథ.

మీ ప్రాంతాల్లో నోటు వెనుక రాతను చెల్లు అంటారా, జమ అంటారా?

వ్యాఖ్య (విశ్రాంత దస్తావేజు లేఖరి, చిత్తూరు): మేము చెల్లు అనే అంటామమ్మా. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించి, తేదీ బాకీదారు చేతనే వేయించేవాణ్ణి. బాకీ పూర్తిగా తీరాక రాసిచ్చేది చెల్లుచీటి, అది వేరు. సభలో ఈ రెండింటినీ కలపవద్దు.

జవాబు: కలపనండి. చెల్లుచీటి సంగతి నాకు తట్టనే లేదు, చాలా సంతోషం. పరీక్షలయ్యాక చిత్తూరు వస్తాను. మీరు రాసిన పాత నోట్ల నమూనాలు ఏవైనా ఉంటే చూపించండి.