పాత ఫైబర్ క్యాబిన్ బోటు: ఇంటి దగ్గర బాగుచేసుకోవచ్చా, వదిలేయాలా?

పెరట్లో పడవ (శ్రీకాకుళం): విశాఖ నుంచి పాత క్యాబిన్ బోటు ఒకటి లారీ మీద తెచ్చి మా పెరట్లో దింపించాను. 24 అడుగులు. అడుగు గట్టిగానే ఉంది. వెనక ఇంజను బిగించే పలక మీద సుత్తితో తడితే పైభాగం టంగుమంటోంది, కింద మాత్రం శబ్దం చచ్చుగా వస్తోంది. ఫైబర్ తెప్పలు చేసే మేస్త్రి చూసి, పైన రెండు పొరలు గాజుపోగుల మ్యాట్ వేసి, ఆరితే గట్టిపడే జిగురు లాంటి రెజిన్ పూసేస్తే చాలన్నాడు. మా బావేమో పాత ఇనుముకి కూడా పనికిరాని దాన్ని ఎందుకు తెచ్చావంటున్నాడు. మీరేమంటారు?

భావనపాడు అలలు: మేస్త్రి మాట వినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, తెప్పలు ఒడ్డునుంటాయి. అప్పుడే పగుళ్లు గీకి, మ్యాట్ వేసి, రంగు పూసి మళ్లీ నీళ్లలోకి తోసేస్తారు. ఖరీదైన రెజిన్ కావాలి, ఎపాక్సీ గిపాక్సీ అని ఎవరో ఒకరు వస్తారు చూడండి. ఏటి బాబూ, సముద్రం మీద బతికేవాళ్లకంటే వాళ్లకెక్కువ తెలుసా?

చీపురుపల్లి మామ: ఆ ఎవరో ఒకరు నేనే. పగులు పైపైన ఉంటే మీ పద్ధతి చాలన్నా, కాదనను. ఇక్కడ రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంది. అది కుళ్లితే పైన ఎన్ని మ్యాట్లు వేసినా తడిని లోపల పెట్టి మూత వేసినట్టే. ఇంజను బరువూ, దాని తోపూ పడేది ఆ పలక మీదే.

తమ్ముడూ, ముందు లోపలివైపు నుంచి, కిందగా, డ్రిల్లుతో చిన్న బెజ్జాలు వేయి. రంపపు పొట్టు లేతరంగులో పొడిగా వస్తే చెక్క బతికున్నట్టు. వాడేసిన టీపొడిలా నల్లగా, తడిగా వస్తే కోయాల్సిందే. బయటి పొర ముట్టుకోకు. లోపలి పొర కోసి, కుళ్లు తీసి, బాగా ఆరనిచ్చి కొత్త మెరైన్ ప్లైవుడ్ అతికించు. దాని మీద మళ్లీ ఫైబర్ పొర వేయడానికి, కోసిన పొర అంచులు ఏటవాలుగా గీకాలి, మందానికి 12 రెట్లు వెడల్పు: 5 మిల్లీమీటర్ల పొరకి 60.

అతికించేది ఎపాక్సీతోనే. ఎప్పుడో గట్టిపడిన పాత ఫైబర్‌నీ చెక్కనీ పాలిస్టర్, అంటే తెప్పలకి వాడే మామూలు రెజిన్, అంత గట్టిగా పట్టుకోదు. ఎపాక్సీ మీద మళ్లీ పాలిస్టర్ వేయకు, సరిగా అంటదు.

భావనపాడు అలలు: ధర చూశారా? పాలిస్టర్‌కి రెండింతలు పైమాటే.

చీపురుపల్లి మామ: పడవంతా ఎవరు పూయమన్నారు, ఆ పలకకే కదా! ఒక్క సంగతి మేస్త్రికి గట్టిగా చెప్పు. పాలిస్టర్‌కి ఎండనిబట్టి హార్డనర్ (రెజిన్‌ని గట్టిపరిచే మందు) ఒక శాతం, రెండు శాతం అని మార్చుకుంటారు. ఎపాక్సీకి అలా కుదరదు, డబ్బా మీద రాసిన కొలతే. తగ్గిస్తే ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. మ్యాట్ బదులు నేసిన గ్లాసు గుడ్డ తీసుకో. మామూలు మ్యాట్‌లోని జిగురు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు.

నాగావళి గట్టు: అంతా బాగుంది. నడిపేదెక్కడ? ఎండాకాలం వంశధార నిండా ఇసుక మేటలే. పైగా నదిలో ఇంజను బోటు తిప్పాలంటే 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ కావాలి. 2019లో గోదావరి మీద కచ్చులూరు బోటు ప్రమాదం చూశాక కూడా కాగితాల సంగతి తర్వాత చూద్దామంటే ఎలా? నన్నడిగితే రెజిన్ కొనకముందే ఆ పని తేల్చుకోండి. గ్రైండరు పెట్టేటప్పుడు మంచి మాస్కు కట్టుకోండి, పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలు కూడా చూసుకోండి. ఆ గాజు నూగు పడితే దురద ఉతికినా పోదు.

పెరట్లో పడవ: బెజ్జాలు వేశాను మామా. కింద జానెడు మేర నల్లటి తడి పొట్టు, పైన పొడిగానే ఉంది. కోసేస్తాను. కాగితాల గురించి సోమవారం కనుక్కుంటాను.

భావనపాడు అలలు: జానెడుకి పలకంతా పీకుతావా?

చీపురుపల్లి మామ: జానెడు దాటి, పొడి చెక్క తగిలేదాకా కోయమన్నాను. పలకంతా అనలేదు. వానలు పడకముందే పైన టార్పాలిన్ పందిరి వేసుకో తమ్ముడూ, తడి చెక్క మీద ఏ రెజిన్ అయినా దండగే.