ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే పట్టిక విశ్వాసిని చల్లారిపోకుండా కాపాడుతుందా?

బెరయ_పాఠకుడు:
అందరికీ వందనాలు. హెబ్రీ 2:1 హెచ్చరించేది తిరగబడేవారిని కాదు, విన్న మాటను పట్టించుకోక మెల్లగా కొట్టుకుపోయేవారిని. దీనికి పఠన పట్టికే మందు. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతాయి. మనసైనప్పుడు చదువుదామనుకుంటే నచ్చిన కీర్తనల దగ్గరే తిరుగుతాం. యిర్మీయా గద్దింపు మన చెవిన పడనే పడదు.

లుదియ:
బ్రదర్, ఈ లెక్కలోనే చిక్కుంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40. అంటే జనవరి నెలాఖరుకు లేవీయకాండం. అక్కడ రెండు రోజులు తప్పితే ఆరు అధ్యాయాల బాకీ. ఇక ఆ బాకీ తీర్చడానికే చదువుతారు. టిక్కులు పడుతూనే ఉంటాయి, ప్రార్థన రెండు నిమిషాలకు తగ్గిపోతుంది. ప్రకటన 2లో ఎఫెసు సంఘానికి ప్రయాసం, ఓర్పు అన్నీ ఉన్నాయి, మొదటి ప్రేమ తప్ప. ఆ లోటు ఏ పట్టికలోనూ కనబడదు. 1842లో తన సంఘానికి పట్టిక తయారుచేసిన స్కాట్లాండ్‌లోని డండీ కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ కూడా లాభాలకంటే ముందు అపాయాలే రాశారు: వట్టి ఆచారం, స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడి.

తీతు_సహవాసం:
ఇద్దరూ ఒంటరి విశ్వాసి గురించే మాట్లాడుతున్నారు. హెబ్రీ 3:13 ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమంటుంది. ఎందుకంటే పాపం మోసం చేస్తుంది, మోసపోయినవాడికి ఆ సంగతి తెలియదు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1738లో చిన్న బృందాలకు రాసిన నియమాల్లో, వారం వారం కూడినప్పుడు మొదటి ప్రశ్న ఇదే: గత కూటం తర్వాత తెలిసి చేసిన పాపాలేవి? ఇళ్లలో జరిగే మన కాటేజీ మీటింగుల్లో పాటలు, వాక్యం, టీ అన్నీ అవుతాయి, ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ముగ్గురు చాలు. పురుషులు వేరుగా, స్త్రీలు వేరుగా వారానికి అరగంట కూర్చోవాలి. ప్రార్థన ఎలా సాగింది, ఎక్కడ పడిపోయారు, ఎవరిని క్షమించలేదు అని అందరూ చెప్పాలి. ఒకరే ఒప్పుకుని మిగతావారు సలహాలిస్తుంటే ఆ కూటం నిలవదు. విన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు.

బెరయ_పాఠకుడు:
మనుషులు పక్కనుంటే చాలదు బ్రదర్. దేమా పౌలుకే జతపనివాడు (ఫిలేమోను 24). అయినా లోకాన్ని స్నేహించి వెళ్లిపోయాడు. పైగా గల్ఫ్‌లో షిఫ్టుల్లో పనిచేసేవారికి వారం వారం కూటం ఎలా కుదురుతుంది? సిస్టర్ చెప్పిన బరువు నిజమే కాబట్టి పట్టికను తగ్గిద్దాం: కొత్త నిబంధన 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు, రోజుకొకటి. మిగతా రెండు రోజులు తప్పినవాటికి.

లుదియ:
దానికి ఒప్పుకుంటాను, ఒక్క షరతుతో. చదివిన అధ్యాయంలో ఒక వచనాన్నైనా ప్రార్థనగా మార్చాకే టిక్కు పెట్టాలి.